గట్టు మీద దారి ఉంది, వంతెన దగ్గరే తెగిపోతోంది

బెజవాడలో పొద్దున్నే నడిచేవాళ్లకు కొదవ లేదు. కాకపోతే చాలామంది పార్కు దాకా స్కూటర్ మీద వెళ్లి, లోపల నాలుగైదు చుట్లు తిరిగి, మళ్లీ స్కూటరెక్కి ఇంటికొస్తారు. వాళ్ల తప్పేమీ లేదు. గుమ్మం దిగి పార్కు గేటు దాకా నిశ్చింతగా నడిచే వీలు లేకే ఆ పని చేస్తున్నారు. నడక వ్యాయామంగా మిగిలింది, ప్రయాణంగా పోయింది. నా బాధంతా దాని గురించే.

నడిచేవాళ్లకు ఇంత అనువైన ఊరు మనకు మరొకటి లేదంటాను. కృష్ణలోంచి బయల్దేరిన బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ ఊరి మధ్యగానే సాగుతాయి. 1850లలో ఆనకట్ట కట్టిన కాలంలో ఈ కాలువలను పొలాలకు నీళ్ల కోసమే కాదు, పడవల కోసం కూడా వాడుకున్నారు. మనుషులు గట్టు వెంట నడుస్తూ పడవను తాడుతో లాగేవారు. అంటే గట్టు మొదటి నుంచీ కాలిబాటే. ఎత్తుపల్లాలు లేవు, దారి తప్పే భయం లేదు, పక్కన నీళ్లు. ఇలాంటి దారిని ఇవాళ కొత్తగా వేయాలంటే ఎన్ని ఇళ్లు కూల్చాలి!

పోయిన చలికాలం ఒక ఆదివారం రైవస్ కాలువ గట్టు పట్టుకుని నడిచాను. కొంతదూరం హాయిగా ఉంది. చెట్టునీడ, బట్టలుతుకుతున్న చప్పుడు, గేలం వేసి కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లు. వంతెన రాగానే గట్టు రోడ్డులో కలిసిపోయింది. దాటడానికి చారలు లేవు, బండ్లు ఆగవు. ఎలాగో దాటితే అవతల దిగేచోట చెత్తకుప్ప. ప్రతి వంతెన దగ్గరా అదే వరస. గట్టు మొత్తం బాగుచేయాలంటే పెద్ద ఖర్చని అంటారు. నేను చూసినంతలో పాడైంది గట్టు కాదు, అతుకులు.

ఫుట్‌పాత్‌ల సంగతి వేరు. వాటి మీద నడిచే చోటు కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని, ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు చెబుతున్నాయి. మన దగ్గర చాలాచోట్ల మురుగుకాలువ మీద పలకలు పరిచి దాన్నే ఫుట్‌పాత్ అంటున్నారు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఆ మెట్టు ఎక్కలేక రోడ్డు అంచునే నడుస్తుంది. వెనక నుంచి హారన్ మోగితే ఆవిడ చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుంటుంది. తోపుడుబండ్ల వల్లే ఫుట్‌పాత్ పోయిందన్న మాట నేను ఒప్పుకోను. రాత్రి తొమ్మిదింటికి ఆడపిల్ల ధైర్యంగా నడిచి వెళ్తోందంటే ఆ ఇడ్లీబండి దగ్గరి వెలుతురు, నలుగురు మనుషులే కారణం. దారికి అసలు అడ్డం పార్క్ చేసిన కార్లు.

నడిచేవాళ్లకు దారివ్వడం ఈ ఊరికి తెలియదా అంటే, బాగా తెలుసు. భవానీ దీక్షల విరమణ రోజుల్లో చూడండి. ఇంద్రకీలాద్రి చుట్టూ గిరి ప్రదక్షిణ చేసే భక్తుల కోసం కుమ్మరిపాలెం, నాలుగు స్తంభాల సెంటర్, పాల ప్రాజెక్టు, చిట్టినగర్ మీదుగా మళ్లీ బ్రాహ్మణ వీధి దాకా దారంతా సిద్ధమవుతుంది. వాహనాలను మళ్లిస్తారు, దీపాలు పెడతారు, మంచినీళ్లు ఇస్తారు. వేలమంది చెప్పుల్లేకుండా నడుస్తారు కాబట్టి గుంటలు పూడుస్తారు, గాజుముక్కలు ఏరిస్తారు. ముసలమ్మలు, చంకలో బిడ్డలున్న తల్లులు ఆ కిలోమీటర్లన్నీ నడిచేస్తారు. అవే రోడ్లు, అదే పోలీసు, అదే మున్సిపాలిటీ. ఆ శ్రద్ధలో పదో వంతు మామూలు రోజుల్లో పెడితే బడిపిల్లలకు సరిపోతుంది.

సైకిల్ వాళ్లను అసలు ఎవరూ లెక్కలోకే తీసుకోవడం లేదు. తాడేపల్లి వైపు నుంచి ప్రకాశం బ్యారేజీ మీదుగా పనికొచ్చేవాళ్లు కార్ల మధ్య ఊపిరి బిగబట్టి తొక్కుతారు. అదే బ్యారేజీ దాటి సీతానగరం మీదుగా తెల్లవారుజామున ఉండవల్లి వెళ్లి చూడండి. ఆ గుహల్లో పడుకున్న విష్ణుమూర్తి ముందు నిలబడినప్పుడు, కారులో వచ్చిన రోజుకూ సైకిల్ మీద చెమటోడ్చి వచ్చిన రోజుకూ తేడా తెలుస్తుంది.

గట్లు బాగుచేయడమంటే అక్కడి గుడిసెలను ఖాళీ చేయించడం కాకూడదు. ఆ గట్టును రోజూ వాడేది, అందరికంటే ముందు నడిచేది వాళ్లే. రంగులు, బొమ్మలు, సెల్ఫీ పాయింట్లు తర్వాత చూసుకోవచ్చు. ఎండాకాలం కాలువలకు నీళ్లు ఆపేస్తారు కదా, ఆ రోజుల్లో ఒక్క వంతెన దగ్గర పని మొదలుపెట్టండి. రోడ్డు మీద చారలు, బండ్లు నెమ్మదించేలా కాస్త ఎత్తు, అవతల గట్టు మీదికి మెట్లు కాకుండా వాలు. సైకిల్ దిగేంత వాలు వేస్తే మా అమ్మ కూడా దిగుతుంది.