కరెంటు పెట్టాక వచ్చే నరాల నొప్పి: రోగి మాట వింటేనే మందు

శ్రీకాకుళం తీరం నుంచి గంజాం దాకా చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. పర్లాకిమిడిలో మా పెద్దమ్మ వాళ్లలో ఒకరు. అంగిలి క్యాన్సర్‌కి విశాఖలో కరెంటు (రేడియేషన్) పెట్టించాం, పుండు మానింది. ఏడాది తిరిగాక దవడ కింది నుంచి చెవి దాకా జివ్వుమని లాగడం మొదలైంది. మెడకు తగలకుండా చీర కొంగును చేత్తో ఎత్తిపట్టుకుని కూర్చునేది.

ఊళ్లో ఒడియా డాక్టరుకి నాకొచ్చిన భాషలో 'జంత్రణా', అంటే నొప్పి, అన్నాను. నొప్పి మాత్ర రాశారు. ఆయన్ని తప్పుపట్టను. జివ్వుమనడం, మంట, చీమలు పాకడం, షాక్ కొట్టడం, అన్నింటినీ ఒక్క మాటలో ముంచేసింది నేనే.

ఈ నొప్పిని పట్టుకునేది ఆ మాటలే. డాక్టర్లు వాడే డీఎన్4 ప్రశ్నావళిలో 10 అంశాలుంటే 7 రోగి నోటి నుంచి రావాల్సినవి. రేడియేషన్ తర్వాత నెలలకో, ఏళ్లకో నరం చుట్టూ కండ గట్టిపడి నరాన్ని నొక్కేస్తుంది, దానికి రక్తం సరిగా అందదు. క్యాన్సర్ తిరగబెట్టినా ఇలాగే లాగొచ్చు కాబట్టి ముందు ఆ పరీక్ష జరగాలి. అది కాదని తేలాక కూడా డైక్లోఫెనాక్ లాంటి మామూలు నొప్పి మాత్రలు మింగిస్తూ పోతే కడుపు, కిడ్నీలు పాడవడమే తప్ప నరం పెద్దగా ఊరుకోదు.

దీనికి పనిచేసే మందులు వేరు: గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్. 2019లో వెలువడిన చైనా పరిశోధనలో తల, మెడ క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్న 128 మందిని రెండు జట్లు చేసి 16 వారాలు చూశారు. ప్రీగాబాలిన్ జట్టుకి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే నొప్పి బాగా తగ్గింది. కానీ ఇవి కొద్ది డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాల్సిన మందులు. మొదట్లో మగత, కళ్లు తిరగడం ఉంటాయి. కిడ్నీ బాగోలేకపోతే డోసు తగ్గించాలి, ఉన్నట్టుండి మానకూడదు. అమిట్రిప్టిలిన్‌తో నోరు ఎండుతుంది. రేడియేషన్‌తో అప్పటికే ఉమ్మి ఊరని మనిషికి అది రాసేముందు ఒక్క క్షణం ఆగాలి. పైగా 'ఇది ఫిట్స్ మందు, అది డిప్రెషన్ మందు' అని ఎవరో అనగానే ఇంట్లో టెన్షన్ పడి ఆపేస్తారు. తర్వాత పెద్దమ్మకి ఇలాంటి మందు రాస్తే మేమూ నాలుగో రోజే ఆపేశాం.

ఒడిశా జిల్లా ఆసుపత్రుల్లో కీమో ఉచితంగా ఇస్తున్నారు. కరెంటు పెట్టించుకుని వచ్చినవాళ్లను కూడా అక్కడే నెలకోసారి పిలిచి నొప్పి గురించి అడగొచ్చు. గజపతి, రాయగడ జిల్లాల్లో తెలుగు తెలిసిన నర్సులకి కొదవేం లేదు. ఆ ఏడు ప్రశ్నలనీ తెలుగులో, ఒడియాలో పక్కపక్కన అచ్చువేసి వాళ్ల చేతికివ్వండి. రాసిన మందు ప్రభుత్వం ఉచితంగా మందులిచ్చే నిరామయ కౌంటర్లో నెలనెలా దొరికేలా చూడండి. మగత వస్తే ఏం చేయాలో చెప్పడానికి ఒక ఫోన్ నంబరు చీటీ మీద రాసివ్వండి.