సవరణ: ఆ సూదులు కరగవు, ఉబ్బుతాయి

తిరుపతిలో మా పెదనాయనకు హెర్నియా ఆపరేషన్ చేసి మెష్ (లోపల ఆసరాగా పెట్టే వల లాంటి ముక్క) పెట్టినప్పుడు, పోయిన ఆదివారం ఒక పోస్టు రాశాను. కుట్లు, స్టేపుల్స్ (గాయాన్ని పట్టి ఉంచే లోహపు పిన్నులు) లేకుండా అతికే సూక్ష్మ సూదుల పట్టీ ఉందనీ, సూదులు ఒంట్లో కరుగుతూ మందు వదులుతాయనీ అన్నాను. ఫార్మసీ చదివే మా మేనకోడలు చూసి ‘మామా, కరిగేవి వేరే రకం’ అంది. తనదే రైటు.

నేను చెప్పిన పట్టీ బోస్టన్‌లో జెఫ్రీ కార్ప్ అనే శాస్త్రవేత్త బృందం చేసినది, 2013లో నేచర్ కమ్యూనికేషన్స్ అనే పరిశోధన పత్రికలో వచ్చింది. సూది మొదలు గట్టి ప్లాస్టిక్, కొన మాత్రం నీరు పీల్చే పాలిమర్. పొడిగా ఉన్నప్పుడు సన్నగా దిగిపోతుంది. లోపలి తడికి నానబెట్టిన శనగ గింజలా ఉబ్బి పట్టుకుంటుంది. చేప పేగు గోడలో తల దూర్చి ఉబ్బించుకునే ముళ్ళతల పురుగును చూసి చేశారు. (పురుగు అనేసరికి పెదనాయన కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాడు.) గాయం మీద అతికించే చర్మపు ముక్కను (స్కిన్ గ్రాఫ్ట్) పట్టి ఉంచడంలో స్టేపుల్స్ కంటే సుమారు 3.5 రెట్లు బలం చూపింది. మందును ఆ ఉబ్బే కొనలోనే నింపవచ్చు, ఇన్సులిన్‌తో చూశారు.

రెండో తప్పు పెద్దది. ‘త్వరలో మన ఊళ్ళోనూ’ అని రాసేశాను. ఆ ఫలితాలు జంతు కణజాలం మీదివి. పెదనాయన మెష్‌ను పట్టి ఉంచింది మామూలు కుట్లే. పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ కొట్టేశాను.