సోఫాలు తీసేయండప్పా

ఈ పరాయి దేశంలో మన తెలుగు సంఘమోళ్లు చేసే సంబరాల్లో నాకు అస్సలు మింగుడుపడనివి ముందు వరసల్లో వేసే ఆ సోఫాలు. తెల్లగుడ్డ కప్పి, రిజర్వ్‌డ్ అని కాగితం అంటించి, వాటర్ బాటిళ్లు పెట్టింటారు, తీరా పాట మొదలయ్యే టైముకి సగం ఖాళీ, మిగతా సగంలో కూర్చున్నోళ్లు ఫోన్లు చూసుకుంటా ఉంటారు, పాటంటే ప్రాణం పెట్టే పిల్లోళ్లేమో యాడో వెనక డోర్ దగ్గర నిలబడింటారు. పాడేటోళ్లకి ఎదురుగా కనబడేది ఆ ఖాళీ సోఫాలే. పాపం ఆ సింగరు "చేతులు పైకెత్తండి, ఇంకా గట్టిగా" అని అడుక్కుంటా ఉంటే చూసే నాకే సిగ్గేస్తుంది.

నేను ఇంకో రకం చూసినా కాబట్టే ఈ బాధ. మాది అనంతపురం. మాకు హైదరాబాద్ కన్నా బెంగళూరే దగ్గర, రెండొందల చిల్లర కిలోమీటర్లు, ఆస్పత్రికైనా ఉద్యోగానికైనా అటే పోతాం. మెటాలికా అనే అమెరికా రాక్ బ్యాండు పాటలు కూడా మాకు అట్లా బెంగళూరు నుంచే వచ్చినాయి, ఒక సీనియర్ తెచ్చిన ఎంపీ3 సీడీ హాస్టల్లో రూమురూమూ తిరిగి గీతలు పడి చచ్చేదాకా విన్నాం. 1981లో పెట్టిన బ్యాండు ఇండియాకి మొదటిసారి వచ్చింది 2011లో, అంటే ముప్పై ఏండ్లకి! అక్టోబర్ 28న గుర్గావ్‌లో మొదటి షో అన్నారు, జనం వచ్చినాక అది ఆగిపోయింది, కోపమొచ్చి స్టేజీ మీద పడి సామాన్లు పగలగొట్టినారని టీవీలో చూసి మాకు నీరుకారిపోయింది. 30న ఆదివారం బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో షో, అదన్నా ఉంటుందో లేదో. అయినా పొద్దున్నే బస్సెక్కేసినాం. పెనుకొండ దాటినాం, కొడికొండ చెక్‌పోస్ట్ దాటినాం, ఫోన్లో సిగ్నల్ వచ్చినప్పుడల్లా క్యాన్సిల్ అయిందా అని చూసుకోవడమే పని. మెజెస్టిక్ బస్టాండు దాకా పోకుండా మేఖ్రీ సర్కిల్లోనే దిగిపోతామంటే కండక్టరు మా నల్ల టీషర్టులు చూసి, "ఏం సామీ, అప్పుడే మాలేసినారా?" అన్నాడు. అవును సామీ అన్నాం, ఇంకేం చెప్తాం.

లైట్లు ఆర్పేసి పాత కౌబాయ్ సినిమా ట్యూన్ ఒకటి వేసినారు, ఇటలీ సంగీత దర్శకుడు ఎన్నియో మొరికోనెది. 1983 నుంచి వీళ్లు స్టేజీ ఎక్కే ముందు అదే వేస్తారు. మాటలే లేని ట్యూను, అయినా గ్రౌండంతా నోటితో పాడతా ఉంది, మా వెనక ఎవడో ఏడుస్తా పాడతా ఉన్నాడు. డ్రమ్స్ మొదలైనాక ఇంక మన కాళ్లు మన మాట వినవు. ఒక తోపులో నేను కిందపడినా, భయపడేలోపే షిల్లాంగ్ నుంచి వచ్చిన ఒక పిల్లోడు, అప్పటిదాకా మొహం కూడా తెలీదు, కాలర్ పట్టి లేపి నిలబెట్టి మళ్లా ఎగరడం మొదలుపెట్టినాడు. అక్కడ పెద్ద రూలు అదే, ఎవడన్నా పడితే పక్కోడు లేపాల. మేము నిలబడిన చోట కుర్చీల్లేవు, ముందొచ్చినోడు ముందు, అంతే. జ్యోతి ప్రజ్వలన లేదు, శాలువాలు లేవు, స్పాన్సరు గారి రెండు మాటలు అరగంట సాగడం లేదు. బ్యాండు సింగరు హెట్‌ఫీల్డ్ మైకులో ఒక ముక్క మాట్లాడి మళ్లా గిటారు అందుకుంటాడు.

ఈ దేశానికొచ్చినాక మెటాలికా వాళ్ల ఎం72 అనే టూర్‌లో షో కూడా చూసినా. స్టేడియం నట్టనడుమ రింగులాగా స్టేజీ, ఆ రింగు లోపల కూడా జనం, శుక్రవారం వాయించిన పాట ఆదివారం వాయించరు. రింగు లోపలి టికెట్ రేటు వింటే కళ్లు తిరుగుతాయి, డబ్బు అక్కడా దూరిందిలే, కాదనను. కానీ అంత పోసి కొన్నోడు కూడా అక్కడ నిలబడే చూస్తాడు, ఆ పాటల కోసం చచ్చేవాడే కొంటాడు. కమిటీ మెంబరు బామ్మర్దికి ఊరికే ఇయ్యరు.

"అది తెల్లోళ్ల పద్ధతి, మనకు కుదరదు" అని ఒక పెద్దాయన నాతో అన్నాడు. ఎందుకు కుదరదు? అనంతపురం జిల్లాలో జాతరకి పోయి ఉరుములోళ్లు వాయిస్తా ఆడేది చూడండి. మెడకి తగిలించుకున్న ఆ ఉరుము పేరుకు తగ్గట్టే ఉరుముతుంది, చుట్టూ జనం మూగి నిలబడతారు, చిన్నపిల్లోళ్లు పెద్దోళ్ల భుజాల మీద. చెక్కభజనకి సోఫా వేసుకొని కూర్చున్నోన్ని ఎవురన్నా చూసినారా? సోఫా మనది కాదప్పా, మీటింగులోళ్లది.

ఇంకొకటి, ట్రాక్ మీద పాడించడం ఆపండి. ఫ్లైట్ ఖర్చు పెట్టి పిలిపించి, వెనక పెన్‌డ్రైవ్ వాయిస్తా ఉంటే అది లైవ్ ఎట్లవుతుంది? ఇద్దరు సింగర్లను తగ్గించి ఒక డ్రమ్మర్‌ని, ఒక బేస్ గిటారిస్ట్‌ని పెట్టండి చాలు. మా పాప మన ప్రోగ్రాముకి వస్తే కారిడార్‌లో ఫోన్ పట్టుకొని కూర్చుంటుంది, అదే పాప రాక్ షోలో మూడు గంటలు నిలబడింది, కాళ్లు నొప్పని ఒక్క మాట అనలేదు. తెలుగంటే ఇష్టం లేక కాదు, మన హాల్లో దానికి నిలబడే జాగా లేదు.

పెద్దోళ్లు నిలబడలేరు, నిజమే. పక్కల్లో కొంచెం ఎత్తుగా కుర్చీలు వేయండి, బాత్రూం కూడా దగ్గరగా ఉంటుంది, వాళ్లకీ అదే నయం. ఉపన్యాసాలన్నీ భోజనాల హాల్లో పెట్టుకోండి, తింటా వింటాం. డోనర్లకి ఇంకేమైనా మర్యాద చేయండి, పేరు పెద్దగా వేయండి, గాయకులతో భోజనం పెట్టించండి, కానీ స్టేజీ ముందర ఆ ఇరవై అడుగులు మాత్రం ఖాళీగా వదిలి ముందొచ్చిన పిల్లోళ్లకి ఇచ్చేయండి.

డోనర్లు ఒప్పుకోరంటారా? వాళ్లలో ఒకాయన మా ధర్మవరమాయన. ఆయనతో నేను మాట్లాడతాలే, మిగిలినోళ్ల సంగతి మీరు చూసుకోండి.