రేవులో దించేసిన బియ్యం దీవికి చేరదు

ఎక్కడైనా వరద అని వార్త రాగానే కర్నూలు నుంచి ఒక లారీ కదులుతుంది. 2009 అక్టోబరు 2 ఈ ఊరికి నేర్పిన గుణం అది. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులైతే ఆ రోజుల్లో నీళ్లు 896 దాటాయి. ఇక్కడ తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డాయి. మిద్దెల మీద బిక్కుబిక్కుమంటూ గడిపిన జనానికి ఎవరెవరో అన్నం తెచ్చి పెట్టారు. ఆ రుణం మనవాళ్లు మర్చిపోలేదు. అందుకు గర్వపడాల్సిందే.

అయితే ఆ లారీ ఎక్కడ ఆగుతోంది? నా బాధంతా అక్కడే.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు అందరి కళ్లూ సింగ్‌నగర్ మీదే ఉన్నాయి. ఉండాల్సిందే. కానీ అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వెళ్లింది. ఆ నీరంతా లంకలనూ దివిసీమనూ ఒరుసుకుంటూ సముద్రంలో కలవాలి. నాగాయలంక మండలంలోని ఏలచెట్లదిబ్బకు పడవ తప్ప వేరే దారి లేదు. ఎదురుమొండికి వెళ్లాలన్నా ఏరు దాటాల్సిందే. గోదావరి మీద కోనసీమ లంకలదీ ఇదే కథ. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు కాజ్‌వేలు మునిగి, ఊళ్లకు ఊళ్లు పడవల మీదే బతికాయి.

మన లారీ రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారేసరికి కరకట్ట దగ్గరికి చేరుతుంది. అక్కడ జనం మూగుతారు. వాళ్లూ నష్టపోయినవాళ్లే, వాళ్ల ఆత్రంలో తప్పేమీ లేదు. అరగంటలో సరుకంతా అయిపోతుంది. రోడ్డు పక్క ఇంటికి మూడు కిట్లు అందితే, ఏటి అవతల ఇంటికి ఒక్కటీ అందదు. ఇది దారి ఎంత దూరం ఉందో అంతవరకే ఆలోచించిన సాయం. లారీ కిరాయి, బియ్యం, పప్పు, నూనె అన్నీ లెక్క రాసుకుంటాం గానీ పడవ ఖర్చు మాత్రం రాసుకోం. ఇకమీదట మొదట రాయాల్సింది అదే.

ఆ పడవ అక్కడి మత్స్యకారుడిదే కావాలి, అతనికి కిరాయి ఇవ్వాలి. వరదలో వల పోగొట్టుకుని, వేట ఆగిపోయి కూర్చున్న మనిషిని ఉచితంగా పడవ తిప్పమనడం న్యాయం కాదు. డీజిల్‌కూ కూలికీ ఇచ్చే డబ్బు కూడా సాయమే. పైగా దారి తెలిసింది అతనికే. సముద్రం దగ్గరి పాయల్లో పోటు, ఆటు ఉంటాయి. ఆటు వేళ నీరు తగ్గితే బరువెక్కిన పడవ బురదలో దిగబడుతుంది. తుంగభద్రలో పుట్టిని, అంటే గుండ్రటి తెప్పను, చూసి పెరిగిన మనకు ఆ లెక్క తెలియదు. ఎప్పుడు బయల్దేరాలో పడవ నడిపే సరంగు చెప్పాలి, మనం వినాలి.

ఇక పడవలో ఎంతమంది? ఇద్దరు చాలు. డెబ్బై అయిదు కిలోల మనిషి ఎక్కితే పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు ఒడ్డునే ఉండిపోతాయి. పదిమంది ఎక్కితే ముప్ఫై బస్తాలు. ఇంత దూరం వచ్చి ఒడ్డున నిలబడాలంటే కుర్రాళ్లకు మనసొప్పదు, నాకు తెలుసు. కానీ అసలు పని ఒడ్డునే ఉంది. పాతిక కిలోల బస్తాను అయిదు కిలోల సంచుల్లోకి మార్చాలి, ఎందుకంటే అవతల మెట్లుండవు, మోకాలి లోతు బురదలో చేతులు మార్చి దించుకోవాలి. అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, పాలపొడి, శానిటరీ ప్యాడ్లు తడవకుండా ప్లాస్టిక్ కవర్లలో కట్టాలి. ఎక్కే ఇద్దరికీ లైఫ్ జాకెట్ ఉండి తీరాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగి గోదావరి ఎంతమందిని మింగిందో చూశాం.

ముఖ్యమంత్రి సహాయనిధికి డబ్బు పంపితే సరిపోదా, ఇంత దూరం డీజిల్ తగలేసుకుని వెళ్లడం దేనికి అంటారు కొందరు. నిధికి ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. కానీ మొదటి మూడు నాలుగు రోజులు ఆ డబ్బు దీవిలో అన్నంగా మారదు. ఆ రోజుల్లో పొయ్యి వెలగాలంటే మనిషి వెళ్లాల్సిందే.

అసలు సంగతి వేరే ఉంది. సీమ అంటే కరువు ఒక్కటే అనుకునే అలవాటు ప్రభుత్వాలకు పోలేదు. కరువు నిజమే, కానీ వరద కూడా మనదే. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి కొట్టుకుపోయాయి. తెల్లవారుజామున వచ్చిన ఆ నీటికి ఎదురు నిలవడానికి ఆ ఊళ్ల దగ్గర ఏముంది? విపత్తుల్లో సాయపడేందుకు కేంద్రం ఆపద మిత్ర పేరుతో వాలంటీర్లకు శిక్షణ ఇస్తోంది. అది తీరం జిల్లాలకు ఎంత అవసరమో తుంగభద్ర, పెన్నా, చెయ్యేరు ఒడ్డు ఊళ్లకూ అంతే అవసరం. లారీ ఎక్కే మన కుర్రాళ్లకు ఈత, పడవలో మెలకువలు, ప్రథమ చికిత్స ఇక్కడే నేర్పండి. సుంకేసుల దగ్గర నీళ్లున్నాయి, కేసీ కాలువ ఉంది. నాలుగు రబ్బరు పడవలు, వంద లైఫ్ జాకెట్లు కర్నూలులో ఒకచోట, కడపలో ఒకచోట ఉంచమని కలెక్టర్లను అడగాలి. వచ్చే వానాకాలం లోపే అడగాలి.