గోడమీది డ్యాష్‌బోర్డు గారికి సరుకు కొనే గుమాస్తా వ్రాయునది

మహారాజశ్రీ డ్యాష్‌బోర్డు గారి దివ్యసముఖానికి,

మారతహళ్లి ఆఫీసులో కొనుగోళ్లు చూసే గుమాస్తా నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు మా అమ్మకాల లెక్కలను రంగుల్లో చూపే తెరగా సమావేశాల గదిలో గోడకెక్కి రోజంతా ఏసీలో చల్లగా ఉంటున్నారు కాబట్టి తమ క్షేమం అడగనక్కరలేదు. మా క్షేమం అంటారా, అది తమ రంగును బట్టి ఉంటుంది. సోమవారం పొద్దున తమరు ఆకుపచ్చగా కనిపిస్తే మాకు కాఫీ వస్తుంది. ఎర్రగా కనిపిస్తే సంజాయిషీ నోటీసు వస్తుంది.

ఇది బహిరంగ లేఖ కాబట్టి మా వ్యాపారమేమిటో నలుగురికీ చెప్పాలి. బెంగళూరులో తెలుగువాళ్లు గుంపుగా ఉండే చోట్ల, అంటే మారతహళ్లి, కె.ఆర్. పురం, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు, పచ్చళ్లు, పొడులు, అప్పడాలు అమ్మే కొట్లు మావి. గుంటూరు వైపు నుంచి వచ్చి మొదటి కొట్టు పెట్టిన యజమానిని మేమంతా పెద్దాయన అంటాం. ఆయన కుమారుడు చినబాబు గారు ఎంబీఏ చదివి వస్తూ వస్తూ తమరిని వెంట తెచ్చారు.

తమరు రాకముందు అంతా సవ్యంగా ఉండేదని అబద్ధమాడను. అప్పట్లో నిర్ణయాలన్నీ పెద్దాయన నాలుక చెప్పినట్టు జరిగేవి. ఆయనకు ఉసిరికాయ పచ్చడంటే ప్రాణం. అందుకని ప్రతి కొట్లోనూ ఉసిరికాయ సీసాలు అటక దాకా పేర్చి ఉండేవి. గడువు దగ్గరపడ్డాక వాటిని మాకే పంచేవారు, దాన్ని పండగ కానుక అనేవారు. ఏ కొట్లో ఏది పోతోంది, ఏ నెలలో పోతోంది అని లెక్క చూసుకుని కొనాలన్న బుద్ధి మాకు తమ వల్లే పుట్టింది. ఉసిరికాయ సగానికి సగం తగ్గింది. ఆ మేలు నేను మరువను. పెద్దాయనా మరువలేదు, ఆయన కారణం వేరు.

కాని తమరికి పంచాంగం రాదు. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. ఉగాది ముందు వారం మా కొట్లలో బెల్లం, కొత్త చింతపండు, బొబ్బట్ల పెట్టెలు నిలవవు. ఈ సంగతి బిల్లు కొట్టే అమ్మాయికి తెలుసు, మూటలు దించే హమాలీకి తెలుసు. తమరు మాత్రం 2024 మార్చిని తీసుకెళ్లి 2023 మార్చి పక్కన నిలబెట్టి, అమ్మకాలు కుప్పకూలాయని ఎర్ర బాణం కిందికి దించారు. కె.ఆర్. పురం కొట్టు మేనేజరుకు నోటీసు వెళ్లింది. ‘పండగ ఇంకా రాలేదండీ’ అని ఆయన ఒకే ఒక్క వాక్యం రాసిచ్చారు. సాకులు చెబుతున్నారన్నారు. ఏప్రిల్‌లో పండగ వచ్చింది, బాణం ఆకాశానికి లేచింది. ఆ ఘనత ఏప్రిల్ ఒకటిన మొదలుపెట్టిన ఇన్‌స్టాగ్రామ్ ప్రచారానికి దక్కింది. ఆ ప్రచారం నడిపిన కుర్రాడికి జీతం పెరిగింది.

నెలను నెలతో కాకుండా పండగను పండగతో పోల్చే నిలువు వరుస ఒకటి కలిపితే సరిపోయేది. 2025లో అక్టోబరు 2న వచ్చిన దసరా, అధిక జ్యేష్ఠం పుణ్యమా అని 2026లో అక్టోబరు మూడో వారానికి జరుగుతుంది. ఆ సెప్టెంబరు ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఇప్పుడే చెప్పగలను.

ఇక గోంగూర. ఈ విషయంలో తమరితో నాకు పాత తగాదా ఉంది. వైట్‌ఫీల్డ్ కొట్లో ఆదివారానికి గోంగూర సీసాలు 24 పెడతాం. పదకొండు కాకముందే ఆఖరి సీసా వెళ్లిపోతుంది. ఆ తరువాత వచ్చినవాళ్లు అర వైపు చూసి, ‘గోంగూర లేదా అండీ’ అని అడిగి, పక్కనున్న టమాటా సీసాను తిప్పి చూసి, మళ్లీ అక్కడే పెట్టి వెళ్లిపోతారు. బిల్లు పడదు. బిల్లు పడనిది తమ లెక్కలో జరగనిదే. తమ తెరమీద ప్రతి ఆదివారమూ 24, 24, 24. గీత గీసినట్టు నిలకడ! గిరాకీ స్థిరంగా ఉంది, ఇంతకు మించి కొనవద్దని నాకు తాఖీదు. ఒక ఆదివారం హొసకోటె దగ్గర వ్యాను చెడిపోయి 12 సీసాలే చేరాయి. పన్నెండే అమ్ముడయ్యాయి. గిరాకీ సగానికి పడిపోయిందని తమరు తేల్చారు, మరుసటి వారం ఆర్డరును 12కు కోశారు. కరువు పుట్టించడమూ తమరే, ఆకలి లేదని రాయడమూ తమరే.

సీసాలన్నీ అయిపోయి 24 రావడం వేరు, అరలో ఇంకా మిగిలి ఉండగా 24 రావడం వేరు. ఆ తేడా తెలియాలంటే ఆఖరి సీసా ఎన్ని గంటలకు పోయిందో చూడాలి. ఆ సమయం ప్రతి బిల్లు మీదా అచ్చై ఉంది, తమ కడుపులోనే ఉంది. అడిగినవాళ్లు లేరు, తమరంతట తమరు చెప్పలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నాడు అబ్రహాం వాల్డ్ అనే గణాంకవేత్త అమెరికా సైన్యం కోసం ఈ చిక్కునే విప్పారు. దాడికి వెళ్లి తిరిగి వచ్చిన విమానాల మీది తూట్లను బట్టి, తిరిగి రాని విమానాలకు దెబ్బ ఎక్కడ తగిలి ఉంటుందో అంచనా కట్టే పద్ధతి రాసిచ్చారు. కంటి ముందున్న లెక్కలో లేనివాళ్ల గురించి ఆలోచించడమే అందులోని కిటుకు. ఆ మహానుభావుడు 1950 డిసెంబరులో ఉపన్యాసాలివ్వడానికి మన దేశం వచ్చి, నీలగిరి కొండల్లో విమానం కూలి భార్యతో సహా మరణించారు. ఆ కొండలు బెంగళూరుకు ఒక పూట ప్రయాణం. ఆయన పాఠం మాత్రం మా మారతహళ్లి దాకా రాలేదు.

ఎంతో మొత్తుకున్నాక బిల్లు యంత్రంలో ‘అడిగారు, లేదు’ అని ఒక మీట పెట్టించారు. సరుకు లేదని చెప్పి పంపినప్పుడల్లా దాన్ని నొక్కాలి. తమ జన్మకంతటికీ అదే సార్థకమైన రోజు అనుకున్నాను. గోంగూర సంగతి ఎలాగూ తేలింది, ఎవరూ ఊహించనిది ఇంకొకటి బయటపడింది: హాస్టళ్లలో ఉండే పిల్లలు కందిపొడి చిన్న సీసా కోసం వచ్చి, అర కిలో సీసా చూసి వెనక్కి పోతున్నారు. ముగ్గురు పడుకునే గదిలో అర కిలో కందిపొడి ఎక్కడ పెట్టుకుంటారు, పాపం!

అంతా బాగానే ఉందనగా చినబాబు గారు ఆ మీటను పోటీగా మార్చారు. ‘లేదు’లు తక్కువ ఉన్న కొట్టుకు ప్రతినెలా బహుమతి. మరుసటి నెల నుంచి అన్ని కొట్లలోనూ ‘లేదు’లు మాయం. సరుకు పెరిగి కాదు, మీట నొక్కేవాళ్లు లేక. కొలతను లక్ష్యంగా చేసి దానిమీద బరువు పెట్టగానే అది కొలతగా పనికిరాకుండా పోతుందన్న అర్థం వచ్చే మాటను బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో అన్నారు. ఆయన ద్రవ్య విధానం గురించి అన్నారు, మా వాళ్లు కందిపొడితో నిరూపించారు. తమ తెరమీద పెద్ద సున్నా, చుట్టూ ఆకుపచ్చ వలయం. ఆ రోజు ఆఫీసులో కేకు కోశారు. నేనూ ఒక ముక్క తిన్నాను.

అయినా ఊరుకోలేక, కందిపొడి 100 గ్రాముల సీసాతో ఒక పరీక్ష పెట్టించాను. ఏ కొట్లలో చిన్న సీసా ముందు వరుసలో పెట్టాలో, ఏ కొట్లలో చినబాబు గారి ముద్దుబిడ్డ అయిన కానుకల పెట్టె పెట్టాలో చీట్లు వేసి తీశాం. ఎవరి ఇష్టమూ అందులో లేదు. చిన్న సీసాలు పెట్టిన కొట్లలో రాబడి బాగా పెరిగింది, కానుకల పెట్టెలు కదలలేదు. ఫలితం చూసి చినబాబు గారు ‘డేటా ఇంకా చాలదు, మరో రెండు నెలలు చూద్దాం’ అన్నారు. ఇన్‌స్టాగ్రామ్ ప్రచారాన్ని మెచ్చుకోవడానికి వారం రోజుల డేటా చాలింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాడి దగ్గర, నాలుగో కాలు చూపించే తెర ఉండి ఏం లాభం?

తమ అంకెల దర్పం గురించి ఒక ముక్క. వచ్చే నెల అమ్మకాలు 18.37 శాతం పెరుగుతాయని తమరు దశాంశాలతో సహా సెలవిస్తారు. 18 చుట్టూ ఎంత అటు, ఎంత ఇటు అన్న మాట ఉండదు. ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో 1920లో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన సి.ఆర్. రావు గారు, ఉన్న సమాచారంతో కట్టే నిష్పాక్షికమైన అంచనాలో అనిశ్చితి ఒక హద్దు కంటే తగ్గదని 1945లోనే గణితంతో నిరూపించారు. ప్రపంచమంతా దాన్ని క్రామెర్-రావు హద్దు అంటుంది. ఆ సంస్థ శాఖ ఒకటి మైసూరు రోడ్డులోనే ఉంది. తమరికి హద్దులంటే తెలియదు, నాలుగు కొట్ల లెక్కతో రెండు దశాంశాలు!

అలాగే ఊరి సంగతి. 2014 నవంబరు 1 నుంచి ఇంగ్లీషులోనూ అధికారికంగా బెంగళూరే. మా బిల్లుల్లో మాత్రం బెంగళూరు, బ్యాంగలోర్, బీఎల్‌ఆర్, ఒకచోట బ్యాంగాలూరు అని కూడా ఉంది. తమరు వాటిని నాలుగు ఊళ్లుగా పటంలో పెట్టారు. ‘ఈ బీఎల్‌ఆర్‌లో మనకింత గిరాకీ ఉంటే అక్కడ కొట్టు ఎందుకు పెట్టలేదు?’ అని చినబాబు గారు నన్నే అడిగారు. వెతుకుతున్నామని చెప్పాను.

ఇప్పుడు అసలు పని. చినబాబు గారు నిన్న సాయంత్రం ఎలక్ట్రానిక్ సిటీ అవతల చందాపురలో కొత్త కొట్టుకు అద్దె ఒప్పందం రాసుకున్నారు. ఈ ఊరి ఆనవాయితీ ప్రకారం పది నెలల అద్దెంత అడ్వాన్సు కట్టేశారు కూడా. ఈ రోజు పొద్దున నాకు అప్పగించిన బాధ్యత ఏమిటంటే, చందాపురలో కొట్టు పెట్టాలా వద్దా అన్నది డేటా విశ్లేషణ చేసి సోమవారానికి తేల్చాలి. పెళ్లయి విందు కూడా ముగిశాక జాతకాలు చూడమని పంతులుగారిని పిలిచినట్టుంది. ప్రయోగం ముగిశాక గణాంకవేత్తను సంప్రదించడమంటే చాలాసార్లు శవపరీక్ష చేయమని అడగడమేనని బ్రిటిష్ గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్ 1938లో భారత గణాంక మహాసభలో అధ్యక్షుడి హోదాలో అన్నారు. మన గడ్డమీదే అన్నారు, మనమే వినలేదు.

ఒప్పందానికి ముందు అడగవలసినవి పెద్ద విద్యలేమీ కావు. ఎలక్ట్రానిక్ సిటీ కొట్టుకు ఇప్పటికే చందాపుర నుంచి వచ్చి కొనేవాళ్లు ఎందరు? వాళ్లే కొత్త కొట్టుకు మళ్లితే మనకు పెరిగేది అమ్మకమా, అద్దె ఒక్కటేనా? అద్దె, జీతాలు గట్టెక్కాలంటే రోజుకు ఎన్ని సీసాలు పోవాలి? అన్నిటికంటే ముందు, ఏ అంకె కనిపిస్తే మనం వద్దనుకుని ఆగిపోతాం? ఈ ఆఖరి ప్రశ్న చినబాబు గారినే అడిగాను. ఆయన ఫోను చూసుకుంటూ, ‘అలాంటి అంకె రాకుండా చూడండి’ అన్నారు.

కాబట్టి, మహాప్రభో, ఆ అంకె ఏ మూల దాక్కుని ఉందో అక్కడే ఉండనివ్వండి. చార్టులో నిలువు గీతను సున్నా నుంచి మొదలుపెట్టకండి, 90 నుంచి మొదలుపెడితే చిన్న పెరుగుదల కూడా నిటారుగా కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ సిటీ కొట్లో సగటు బిల్లు చూపించండి, మధ్యగతం, అంటే బిల్లులన్నీ చిన్నది నుంచి పెద్దది దాకా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చే బిల్లు, దాని జోలికి పోకండి. మొన్న పెళ్లివారు తీసుకున్న ఆవకాయ డబ్బాల ఆర్డరు కూడా ఆ సగటులోనే కలిసి ఉండాలి. నష్టం వచ్చిన వానాకాలం నెలలను ‘ఇతరములు’ కింద వేయండి. సోమవారం పదిగంటలకు బ్యాంకువారు కూడా వస్తున్నారు. వాళ్ల కుర్చీలు తమకు ఎడమవైపు వేయిస్తున్నాను, ఆ కోణంలో ఎరుపు సరిగా కనిపించదు.

ఇట్లు,
తమ విధేయుడు,
కొనుగోళ్ల గుమాస్తా