రోమన్ ఊరా, సినిమా సెట్టింగా? – వదినా మరదళ్ళ వాదోపవాదం

జర్మనీ పడమటి అంచున, నెదర్లాండ్స్ సరిహద్దుకు దగ్గరలో క్సాంటెన్ అని ఒక చిన్న ఊరు ఉంది. రోమన్ చక్రవర్తి ట్రాజన్ దాదాపు 1900 ఏళ్ల కిందట తన పేరు మీద నగర హోదా ఇచ్చిన కొలోనియా ఉల్పియా ట్రయానా ఆ ఊరి పక్కనే ఉండేది. ఆ చోటును 1977లో పురావస్తు పార్కుగా తెరిచారు. పాత పునాదుల మీద గుడి, ఆంఫీథియేటర్, సత్రం, కొంతమేర కోటగోడ మళ్లీ కట్టారు. డ్యూస్‌బుర్గ్‌లో ఉంటున్న మా చెల్లెలు ఆదివారం మా అందరినీ అక్కడికి తిప్పి తీసుకొచ్చింది. మా ఆవిడ మాచర్లలో సోషల్ టీచరుగా చేసి రిటైరయింది. రాత్రి పిల్లలు పడుకున్నాక "పార్కు ఎలా ఉంది వదినా?" అని మా చెల్లెలు అడగడంతో వదినా మరదళ్ళకు వాదన మొదలైంది. ఎవరి పక్షం మాట్లాడినా నాకే నష్టం కాబట్టి నేను రాసుకోవడంతో సరిపెట్టుకున్నాను.

వదిన: అడిగావు కాబట్టి చెప్తున్నా, ఏమీ అనుకోకు. నాకు రామోజీ ఫిల్మ్ సిటీలో తిరిగినట్టే ఉంది. రెండు వేల ఏళ్ల నాటి ఊరని తీసుకెళ్లి నా కంటే చిన్న వయసు గోడలు చూపించావు.

మరదలు: దాచిపెట్టి చూపించానా వదినా? ఇవి మళ్లీ కట్టినవని గేటు దగ్గరే చెప్పాను. రేవు గుడి చూశారు కదా, ఒక మూలన స్తంభాలు పూర్తి ఎత్తున లేపారు, మిగతావి మధ్యలోనే ఆపేశారు. అరుగు కిందికి వెళితే అసలు పునాది కనిపిస్తుంది. ఏది పాతదో ఏది కొత్తదో చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. సెట్టింగు వేసేవాడు అట్లా సగంలో వదిలేస్తాడా?

వదిన: ఆ గుడి ఏ దేవుడిదో ఎవరికీ తెలియదని నువ్వే అన్నావు. రేవు దగ్గర ఉంది కాబట్టి రేవు గుడి అన్నారట. లోపల ఎవరున్నారో తెలియని గుడికి స్తంభాలు నిలబెట్టడమెందుకు? హంపి బజారు వీధిలో ఎన్ని మండపాలు కూలిపోయాయి! పడిపోయిన రాయిని పడిపోయినట్టే చూసి వచ్చాం. లోటేమీ అనిపించలేదు.

మరదలు: హంపిలో పడిపోవడానికైనా రాయి మిగిలింది. ఇక్కడ అదీ లేదు. రైన్ నది దిగువన ఈ ప్రాంతమంతా ఒండ్రు నేల, కట్టడానికి రాయి దొరకదు. అందుకే మధ్యయుగంలో జనం ఈ పాడుపడ్డ నగరాన్ని రాతి క్వారీలాగా వాడుకున్నారు. గోడలు అయిపోయాక పునాదుల్లోకి కూడా దిగి తవ్వుకుపోయారు. ఆ తర్వాత అంతా పొలాలు. మీరు వచ్చి బంగాళాదుంపల మడి ముందు నిలబడితే ఏం కనపడుతుంది?

వదిన: పొలం పొలంలాగే ఉంటే ఏం పోయింది? మట్టి కింద భద్రంగా ఉండేది.

మరదలు: ఉండనిచ్చారా? కొలోన్‌లో రోమన్ నగరం మీదే నేటి నగరం ఉంది. అక్కడ ఏం చూడాలన్నా సెల్లార్లలోకి దిగాలి. ఇక్కడ మాత్రం మధ్యయుగపు ఊరు పక్కకు జరిగి, విక్టర్ అనే సెయింట్ చర్చి చుట్టూ పెరిగింది. అందుకే 73 హెక్టార్ల నగరం, మన లెక్కలో 180 ఎకరాలు, దాదాపు ఖాళీగా మిగిలింది. ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన అట్లా మిగలడం చాలా అరుదు. అలాంటి దాని మీద కూడా పోయిన శతాబ్దంలో ఒక పక్కన పరిశ్రమ వెలిసింది. పార్కు అనే ఆలోచన రాకపోతే మిగతాదంతా షెడ్లే అయ్యేది. మధ్యలోంచి పోయే హైవేను కూడా ఆ తర్వాత పక్కకు మళ్లించారు. ఉత్త పొలం కోసం ఏ ప్రభుత్వమైనా రోడ్డు మళ్లిస్తుందా, చెప్పండి?

వదిన: సరే, ఆ మాట ఒప్పుకుంటున్నాను. నేలను కాపాడారు. మరి ఆ ఆటస్థలం ఎందుకు? మన పిల్లలు అక్కడే గంటన్నర పోగొట్టారు. కొలోనియా ఏదంటే నీ చిన్నవాడు జారుడుబల్ల వైపు వేలు చూపించాడు.

(ఇది నిజం. నేనూ చూశాను. ఆ గంటన్నరలో మా ఆవిడ బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా ఖాళీ చేసిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.)

మరదలు: పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు టికెట్టే లేదు వదినా. ఆడుకోవడానికని వచ్చిన పిల్లాడు మధ్యలో ఒక కోటగోడ ఎక్కి దిగుతాడు, అదే లాభం. అయినా ఆ ఆటల గదిలో బల్ల ముందు నుంచి కదలనిది ఎవరు? గుండ్రంగా గీసి, అడ్డగీతలు కొట్టి, మూడు కాయలు ఒక వరుసలోకి తెచ్చే ఆట చూడగానే "ఇది మన దాడి ఆటకి చుట్టమే" అని కొంగు బిగించి కూర్చున్నారు. ఆ జర్మన్ తాతగారిని వరసగా ఓడించేదాకా లేవలేదు.

వదిన: ఆయనకు ఆడటం రాదు, నేనేం చేయను? మాట మార్చకు. నన్ను కుదిపింది ఆ స్నానశాల దగ్గర జరిగింది. గాజు, ఉక్కుతో పెద్ద కప్పు వేశారే, అక్కడ. ఆ కప్పు కింద ఉన్నది మాత్రం అసలుదే, నేను కాదనను. చిన్న చిన్న పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి మోకాటి ఎత్తు దిమ్మెలు కట్టారు. వాటి మీద నేల పరిచారు. బయట పొయ్యిలో కట్టెలు మండిస్తే వేడిగాలి ఆ దిమ్మెల మధ్యగా పాకి, గోడల్లోని బోలు పెంకుల గుండా పైకి పోతుంది. కాళ్ల కింద నేల, పక్కన గోడ, రెండూ వెచ్చగా ఉంటాయి. అంత చక్కగా చెప్పావు. అప్పుడు నీ పెద్దది ఏమడిగిందో గుర్తుందా?

మరదలు: కట్టెలు ఎవరు పెట్టేవాళ్లు అని.

వదిన: నువ్వేమన్నావు?

మరదలు: పనివాళ్లు అన్నాను.

వదిన: పనివాళ్లు కాదమ్మా, బానిసలు! పదకొండేళ్ల పిల్ల సరిగ్గా అడగాల్సిన ప్రశ్న అడిగింది. దానికి జవాబు ఆ గోడల మీద కొట్టొచ్చినట్టు ఉండాలి. రోజంతా తిరిగాం. సత్రంలో మంచాలు చూశాం, వంటగది చూశాం, భోజనాల గది చూశాం. అంట్లు తోమినవాడు ఎక్కడ పడుకునేవాడో మాత్రం నాకు కనపడలేదు. మళ్లీ కట్టడంలో ఉన్న చిక్కే అది. ఏది కడితే జనానికి బాగుంటుందో అదే కడతారు.

మరదలు: ఆ దెబ్బ నాకు తగిలింది, సరే. కానీ తప్పు కట్టడానిదా, చెప్పిన నాదా? గోడ అక్కడ ఉంది కాబట్టే అది ఆ ప్రశ్న అడగగలిగింది. పునాది గుంట చూపించి ఉంటే "ఐస్‌క్రీం ఎప్పుడు" అని అడిగేది. ఇంకోటి, అన్నీ గొప్పవాళ్ల ఇళ్లే కట్టలేదు. చెక్క పలకల మధ్య మట్టి పోసి, కొట్టి కొట్టి లేపిన గోడలున్న చేతిపనివాళ్ల ఇళ్లు చూశాం. ఆ గోడ మీద చెయ్యి వేసి మీరే అన్నారు, మా తాతగారింటి గోడలా ఉందని.

వదిన: అన్నాను. ఆ ఇళ్లు బాగున్నాయి. ఆ ఒక్క చోట నాకు సెట్టింగు అనిపించలేదు. అదే పద్ధతిలో, అదే మట్టితో కొట్టి కట్టారు కాబట్టేమో. మరి ఆంఫీథియేటర్ సంగతేమిటి? పదివేల మంది కూర్చుని మనుషులు, జంతువులు చావడం చూసిన చోటు అది. ఇప్పుడక్కడ వేసవిలో సంగీత కచేరీలట! జనం మెట్ల మీద కూర్చుని సెల్ఫీలు దిగుతున్నారు. నాకు కడుపులో దేవినట్టయింది.

మరదలు: మీరు అది కూడా తెలుసుకున్నది ఈ ఊరి వల్లే కదా. రోమన్ సైన్యంలోని ముప్పయ్యో దళం ఇక్కడి సైనిక స్థావరంలోనే ఉండేది. ఆ దళంలో ఎలుగుబంట్లు చూసుకునే ఒకాయన, పేరు సెసోరినియుస్ అమ్మౌసియుస్, సిల్వానుస్ అనే అడవి దేవుడికి మొక్కు చెల్లించి రాయి మీద చెక్కించాడు. ఆ శాసనం దొరికింది క్సాంటెన్‌లోనే. సైన్యంలో ఎలుగుబంట్ల కోసం ఒక మనిషి ఉద్యోగం చేశాడంటే ఆటల్లో ఏం జరిగేదో ఊహకు అందుతుంది. ఆ మెట్ల మీద కూర్చుని ఈ సంగతి చెప్తే పెద్దదానికి ఒళ్లు జలదరించింది. ఇంట్లో సోఫాలో చెప్తే వినేదా?

వదిన: అమ్మౌసియుస్‌ను గుర్తుపెట్టుకుంటాను. బాగుంది ఆ ముక్క.

మరదలు: ఇప్పుడు నేనొకటి అడుగుతాను. మీరు బడి పిల్లల్ని అనుపు తీసుకెళ్లేవారు. చుట్టూ మెట్లున్న ఆ రంగస్థలం అసలు అక్కడిదేనా? నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్లలో మునుగుతుందని తవ్వి, విప్పి, తెచ్చి పైన పేర్చిందే కదా? అది మీకు చరిత్ర, ఇది సెట్టింగా?

(ఇక్కడ మా ఆవిడ తడబడుతుందనుకున్నాను. ముప్పయ్యేళ్ల టీచరు అని మరిచిపోయాను.)

వదిన: అక్కడ వేరే దారి లేదు. 1955లో డ్యాముకు శంకుస్థాపన జరిగింది, నీళ్లు రావడం ఖాయం. ఉన్న నాలుగేళ్లో ఐదేళ్లో తవ్వగలిగినంత తవ్వారు. అనుపులో రాళ్లు పాతవి, చోటు కొత్తది. మీ దగ్గర చోటు పాతది, రాళ్లు కొత్తవి.

మరదలు: అయితే రెండిట్లో ఏది ఎక్కువ అబద్ధం?

వదిన: అబద్ధం గురించి కాదు నేనడిగేది. అనుపులో పిల్లల్ని మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పేదాన్ని: "ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ నీళ్ల కింద ఉంది. మన పొలాలకు నీళ్లు కావాలని మనమే ముంచుకున్నాం." ఎదురుగా నీళ్లు కనపడుతుంటే ఏం పోగొట్టుకున్నామో వాళ్లకు అర్థమయ్యేది. ఇక్కడ పోయిందేదో కనపడదు. గడ్డి కత్తిరించి, అంచులు దిద్ది, అంతా క్షేమంగా ఉన్నట్టు పెట్టారు.

మరదలు: కనపడుతుంది వదినా, మీరు నడుస్తూనే ఉన్నారు దాని మీద. ఆ చెట్ల వరుసలు అందం కోసం నాటినవి కావు. ఒక్కొక్క వరుస ఒక్కొక్క రోమన్ వీధి. మధ్యలో చదరాలుగా ఉన్న పచ్చిక అంతా ఇళ్ల వరసలు. వాటి మీద ఏమీ కట్టలేదు. చాలా భాగం ఇంకా తవ్వనే లేదు. ఇన్ని ఎకరాల్లో కట్టినవెన్ని? ఒక చేత్తో, మహా అయితే రెండు చేతులతో లెక్కపెట్టొచ్చు. ఆ మిగతా ఖాళీ అంతా పోయిన ఊరే.

వదిన: చెట్లు వీధులా? ఈ మాట పొద్దున చెప్పొద్దూ! నేను నీడ కోసం నాటారనుకుని నడిచాను.

మరదలు: పొద్దున మీ అన్నయ్యతో ఫోన్లో ఉన్నారు మీరు.

వదిన: సరేలే. ఇంకో సంగతి. మ్యూజియంలో ఆ గాలిలో వేలాడదీసిన పడవ నాకు నచ్చింది. అడుగు చదునుగా ఉంది, మన గోదావరి మీద సరుకులకు పనికొచ్చే రకం. ఈ ఊరి దగ్గరే దొరికిందట, ఇక్కడే ఉంచారు. కానీ ఆ కంచు కుర్రాడి బొమ్మ? 1858లో చేపలు పట్టేవాళ్ల వలలో రైన్ నదిలో దొరికితే అసలుది బెర్లిన్‌కు పోయింది. అమరావతి పాలరాళ్లు లండన్‌కూ చెన్నైకీ పోలేదూ, అట్లా. మీ వైపు కూడా ఇదే తంతు అన్నమాట.

మరదలు: ఇక్కడిదే ఇంకో రాయి బాన్ మ్యూజియంలో ఉంది. మార్కుస్ కైలియుస్ అనే సెంచూరియన్, అంటే రోమన్ సైనికాధికారి, జ్ఞాపకార్థం వాళ్ల తమ్ముడో అన్నో నిలబెట్టింది. క్రీస్తు శకం 9లో వారుస్ అనే సేనాపతి ఈ జర్మన్ అడవుల్లో మూడు దళాలు పోగొట్టుకున్నాడే, ఆ యుద్ధంలో పోయాడాయన. 53 ఏళ్లు. శవం దొరకలేదు. ఎముకలు దొరికితే ఇక్కడ పెట్టుకోవచ్చని రాయి మీద రాశారు. ఆయన బొమ్మకు రెండు పక్కలా రెండు తలలు చెక్కి ఉంటాయి. వాళ్లు ఆయన బానిసలు, ఆయనే విడుదల చేశాడు. ప్రివాటుస్, తియామినుస్ అని పేర్లు కూడా ఉన్నాయి.

వదిన: బానిసల పేర్లా? రాయి మీదా?

మరదలు: చెక్కి ఉన్నాయి. వాళ్లు కూడా ఆయనతోపాటే పోయి ఉంటారని అంటారు.

వదిన: ఇంత రాయి పెట్టుకుని నన్ను జారుడుబల్లల దగ్గర కూర్చోబెట్టావా? రేపే బాన్ వెళ్దాం పద.

మరదలు: రేపు సోమవారం, మ్యూజియానికి సెలవు. మంగళవారం వెళ్దాం.

వదిన: మంగళవారమే. ఈసారి పిల్లలకు నేను చెప్తాను, నువ్వు వెనకాల రా. పనివాళ్లు అన్నావంటే ఊరుకోను.