బటన్ ఎక్కడుందో చెప్పు నాయనా

ఇది జరిగింది నిన్ననే. మంట ఇంకా చల్లారలేదు, వరసగా చెప్పలేకపోతే సర్దుకోండి.

నేను ఒక కంపెనీ వెబ్‌సైటుకి వ్యాసాలు రాస్తాను. మా మేనేజరుగారిది ఒకటే రూలు: ఏ వ్యాసమైనా 2,000 పదాలు దాటాలి. దేని గురించి అన్నది తర్వాతి సంగతి. ‘పొడుగ్గా ఉంటేనే గూగుల్ పైకి ఎత్తుతుంది’ అంటారాయన. నిన్నటి ఆన్‌లైన్ మీటింగ్ కూడా దాని గురించే. నాతో కలిపి పదకొండు మంది. నా స్క్రీన్ షేర్ చేసి ఈ నెల వ్యాసాల లిస్టు చూపించాలి. చూపించాను. ఇక షేరింగ్ ఆపుదామంటే ఆ బటన్ కనిపించలేదు.

నెమ్మదిగా వెతుక్కుందాం అనుకునేలోపు స్క్రీన్ మూల నుంచి నా స్నేహితుడి మెసేజ్ ఒకటి తొంగిచూసింది: ‘మీ వర్డ్ కౌంట్ మహర్షి ఇవాళ ఏం సెలవిచ్చాడు?’

టెన్షన్ అప్పుడు మొదలైంది.

దీనికి తోడు, నా ఇయర్‌ఫోన్స్ చార్జింగ్ అయిపోయి నిద్రపోయాయి. ల్యాప్‌టాప్ స్పీకరుని ఎప్పుడో నేనే మ్యూట్‌లో పెట్టుకున్నాను. మైకు మాత్రం భేషుగ్గా పనిచేస్తోంది. అంటే నా మాట అందరికీ వినిపిస్తోంది, వాళ్ల మాట నాకు వినిపించడం లేదు. పదిమందీ ‘పైన! పైన చూడు!’ అని అరుస్తూనే ఉన్నారట. నాకేమో అంతా నిశ్శబ్దం. మెసేజ్ ఎవరూ గమనించలేదు కాబోలు అని లోలోపల దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను.

బ్రౌజర్ తెరిచి ‘స్క్రీన్ షేరింగ్’ అని కొట్టేసరికి కింద మొదటి వరసలోనే ఒక వ్యాసం కనిపించింది. దాని మీద నొక్కాను. కంగారులో ఉన్నప్పుడు పైకి చదవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. చదివాను.

‘మనిషి సంఘజీవి. ఆదిమానవుడు గుహ గోడల మీద బొమ్మలు గీసిన నాటి నుంచి నేటి వరకు, తాను చూసినదాన్ని తోటివారికి చూపించాలని తహతహలాడుతూనే ఉన్నాడు.’

సరే, ఉపోద్ఘాతం. కిందికి జరిపాను. ‘స్క్రీన్ అంటే ఏమిటి?’ ఒక పేరా. ‘షేరింగ్ అంటే ఏమిటి?’ ఒక పేరా. ఆ రెండూ విడివిడిగా తెలిసినవాడికి కలిపితే ఏమవుతుందో తెలియదేమో అన్నట్టు, ‘స్క్రీన్ షేరింగ్ అంటే ఏమిటి?’ రెండు పేరాలు. నేను పదిమంది ముందు అదే పని చేస్తూ దాని నిర్వచనం చదువుకుంటున్నాను.

తర్వాత విషయసూచిక. పద్నాలుగు అంశాలు. పదకొండోది ‘స్క్రీన్ షేరింగ్ ఆపడం’. ప్రాణం లేచొచ్చింది. నొక్కితే ఎక్కడికో దూకి ఆగింది. అక్కడేముంది? ‘స్క్రీన్ షేరింగ్ ఎందుకు ఆపాలి? ఏడు ముఖ్య కారణాలు.’

ఒరేయ్, ఆపాలన్న కోరికతోనే కదా ఇక్కడికొచ్చింది! కారణాలు వెతుక్కోవడానికి ఎవడైనా వస్తాడా? మునిగిపోతున్నవాడికి ఈత వల్ల ఆరోగ్య ప్రయోజనాలు చెప్పినట్టు. సరే, కారణాలు. మొదటిది, ఇంటర్నెట్ ఆదా. రెండోది, బ్యాటరీ ఆదా. మూడోది, ఏకాగ్రత. నాలుగోది, ‘మీ వ్యక్తిగత సందేశాలు ఇతరుల కంటపడే ప్రమాదం ఉంది.’ దీన్ని కూడా పైకే చదివాను. కరెక్టుగా అప్పుడే స్నేహితుడి రెండో మెసేజ్ వచ్చింది. అందులో ఏముందో ఇక్కడ రాయలేను. మహర్షి ప్రస్తావన అందులోనూ ఉంది.

అయిదో కారణం మొదలవుతుండగా తెర మొత్తం కప్పేస్తూ ఒక పెట్టె ఊడిపడింది: ‘ఈ వ్యాసం నచ్చిందా? ఇలాంటివి మరిన్ని మీ ఈమెయిల్‌కి పంపమంటారా?’ మూసే గుర్తు ఆవగింజంత ఉంది, అదీ తెల్ల రంగు మీద లేత బూడిద రంగులో. దాన్ని మూడోసారికి పట్టుకున్నాను. పట్టుకుని, గొంతు చించుకుని అన్నాను: ‘బటన్ ఎక్కడుందో చెప్పు నాయనా! ఎవడ్రా ఈ ఊకదంపుడు రాసిన వెధవ?’

వెంటనే కింది వాక్యం చదివాను. ‘నేటి డిజిటల్ యుగంలో స్క్రీన్ షేరింగ్ లేనిదే రోజు గడవదు అనడంలో అతిశయోక్తి లేదు.’

అనడంలో అతిశయోక్తి లేదు. ఈ ముక్క నాది. పదాలు తక్కువపడినప్పుడల్లా నేను వాడే సిమెంటు. ఆ పేజీలోనే ఇంకో మూడు చోట్ల కూడా పూసి ఉంది.

ఆ వెధవను నేనే.

అన్యాయం ఏమిటంటే, మొదట నేను రాసిచ్చింది ఇది కాదు. ‘మౌస్‌ని స్క్రీన్ పైఅంచుకి తీసుకెళ్లండి. దాక్కున్న పట్టీ కిందికి దిగుతుంది. అందులో ఎర్ర బటన్ నొక్కండి.’ అంతే. కట్టె, కొట్టె, తెచ్చె. మేనేజరుగారు దాన్ని చూసి పెదవి విరిచారు. ‘బాగుందిగానీ సన్నగా ఉందయ్యా’ అన్నారు. 2011లో గూగుల్ పాండా అనే మార్పు తెచ్చి, పస లేని పేజీలను కిందికి తోసింది. అప్పుడు పుట్టిన భయం ఈయనలో ఇంకా పోలేదు. పస లేకపోవడం అంటే పొట్టిగా ఉండటం అని ఎవరు చెప్పారో మరి. పస లేకుండా పొడుగ్గా ఎలా ఉండొచ్చో నా వ్యాసమే సాక్ష్యం.

ఆయన దగ్గర ఒక స్లైడు ఉంది. ప్రతి మీటింగులోనూ బయటికి తీస్తారు. గూగుల్ మొదటి పేజీలో కనిపించే వ్యాసాల సగటు పొడవు 1,890 పదాలని 2016లో బ్యాక్‌లింకో అనే సంస్థ వేసిన లెక్క అది. అదే సంస్థ 2020లో 1.18 కోట్ల ఫలితాలు తిరగేసి సగటు 1,447 అని చెప్పింది. మొదటి పేజీలోని పది స్థానాల్లో పైవాటికీ కిందివాటికీ పొడవులో పెద్ద తేడా లేదని కూడా చెప్పింది. నాలుగేళ్లలో సగటు 443 పదాలు తగ్గింది. మా ఆఫీసులో మాత్రం తగ్గలేదు.

అసలు సగటుకీ కారణానికీ సంబంధం ఏమిటి? మా క్లాసులో ఫస్టు వచ్చేవాడు పరీక్షలో ఆరు అడిషనల్ షీట్లు తీసుకునేవాడు. ఒకసారి నేనూ ఏడు తీసుకున్నాను. షీట్లు వచ్చాయి, దారం వచ్చింది, మార్కులు రాలేదు. వాడికి చెప్పాల్సింది ఉండి షీట్లు నిండాయి. నేను షీట్లు నింపడానికి మార్జిన్లు పెంచాను. మంచి వ్యాసం పొడుగ్గా ఉందంటే, ఆ విషయానికి అంత చోటు కావాలి కాబట్టి. నలుగురికీ పనికొస్తే లింకులు ఇస్తారు, దాంతో పైకొస్తుంది. స్క్రీన్ షేరింగ్ ఆపడానికి ఎంత చోటు కావాలి? ఒక వేలు పట్టేంత.

ఇదంతా నేను సొంతంగా చెప్పడం లేదు. ‘గూగుల్‌కి ఫలానా పదాల సంఖ్య ఇష్టమని ఎక్కడో విని ఆ లెక్కకు రాస్తున్నారా?’ అని గూగుల్ తన మార్గదర్శకాల్లో తనే అడిగి, అలాంటి ఇష్టమేదీ మాకు లేదని పక్కనే బ్రాకెట్లో జవాబు కూడా ఇచ్చుకుంది. వర్డ్ కౌంట్ ర్యాంకింగ్ ఫ్యాక్టర్ కాదని, అంటే పదాలు లెక్కపెట్టి పేజీని పైకి ఎత్తడం ఉండదని, ఆ కంపెనీ తరఫున సెర్చ్ సంగతులు వివరించే జాన్ ముల్లర్ కూడా ఎన్నోసార్లు చెప్పాడు. ఆ మార్గదర్శకాల పేజీ మా మేనేజరుగారికి పంపాను. ఆయన చదివి నవ్వారు. ‘గుట్టు ఎవరైనా బయటపెడతారా?’ అన్నారు. లేదని చెప్పడమే ఉందనడానికి రుజువట. దీనికి నా దగ్గర జవాబు లేదు. మూడు వాక్యాలను 2,300 పదాలు చేశాను. అందులో గుహలకే 180 పోయాయి.

షేరింగ్ ఎలా ఆగిందంటే, ల్యాప్‌టాప్ మూత దబ్బున వేసేశాను. పట్టీ, ఎర్ర బటన్, ఏమీ గుర్తురాలేదు. నేనే రాసిన జవాబు నేను రాసిన వ్యాసంలో నాకే దొరకలేదు. తర్వాత తీరిగ్గా లెక్కపెట్టి చూశాను. అది 1,960వ పదం దగ్గర ఉంది, ‘ముగింపు’ కంటే కాస్త పైన.

అరగంట తర్వాత మేనేజరుగారి నుంచి ఫోను. మహర్షి గురించి అడుగుతారని గుండె చేతిలో పట్టుకుని ఎత్తాను. ఆయన గొంతులో పండగ.

‘చూశావటయ్యా! రెండు ముక్కలు కొట్టగానే మన వ్యాసమే! నంబర్ వన్! అందరూ కళ్లారా చూశారు. పొడుగు మహిమ అంటే ఇదీ.’

‘సార్, అది గూగుల్ ఇచ్చింది కాదు సార్. దాన్ని సాగదీసినన్నాళ్లూ ఆ పేజీని నేను యాభైసార్లు తెరిచాను. బ్రౌజరే గుర్తుపెట్టుకుని నా హిస్టరీలోంచి తీసి చూపించింది. మన పేజీ గూగుల్‌లో ఎన్నో స్థానంలో వస్తోందో చూపించే సెర్చ్ కన్సోల్‌లో చూస్తే మన సగటు స్థానం 43 సార్. ఈ నెల మొత్తానికి రెండే క్లిక్కులు.’

‘ఆ రెండూ వచ్చాయిగా?’

ఒకటి నాదేమోనని నాకు అనుమానం. అనలేదు.

‘దీన్ని 3,000కి తీసుకెళ్దాం. సోమవారానికి ఇచ్చెయ్’ అన్నారు.

‘ఏ భాగం పెంచమంటారు సార్?’

కాసేపు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, పేజీ జరుపుతున్న చప్పుడు వినిపించింది.

‘ఆ గుహల దగ్గర పెంచు. నువ్వు చదువుతుంటే అందరికీ అదే బాగా నచ్చిందయ్యా’ అన్నారు.